నర్సింగ్‌లో బోధన, పరిశోధన రెండూ చేసే అధ్యాపకుల నియామకం: ప్రకటనలో ఏమి రాయాలి, ఎంపికలో ఏమి చూడాలి?

నాగావళి (అసోసియేట్ ప్రొఫెసర్, ఉత్తరాంధ్ర)

సభ్యులందరికీ నమస్కారం. మా డీమ్డ్ విశ్వవిద్యాలయంలోని నర్సింగ్ కళాశాలకు ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు కొత్తగా మంజూరైంది. మెడికల్ సర్జికల్ నర్సింగ్‌లో పాఠాలు చెబుతూ, వార్డులో విద్యార్థులను చూసుకుంటూ, వాటితోపాటు సొంతంగా పరిశోధన నడిపించగల వ్యక్తి కావాలని పాలక మండలి తీర్మానంలోనే రాశారు. ప్రకటన ముసాయిదా తయారు చేసే పని నాకు అప్పగించారు. పాత ప్రకటనలు తిరగేస్తే అన్నిటిలోనూ ఒకటే వాక్యం ఉంది: ఎమ్మెస్సీ నర్సింగ్, మూడేళ్ల బోధనానుభవం, పీహెచ్‌డీ ఉన్నవారికి ప్రాధాన్యం. ఆ వాక్యమే మళ్లీ వేస్తే ఎప్పటి దరఖాస్తులే వస్తాయి.

మా ఆసుపత్రిలో డయాలిసిస్ విభాగం పెద్దది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం నుంచి, అంటే కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వంటి మండలాల నుంచి వచ్చే రోగులు అందులో చాలామంది. అక్కడి మూత్రపిండాల జబ్బుకు అసలు కారణమేమిటో ఇంకా తేలలేదు. ఆ వెతుకులాట వేరే శాస్త్రాల వారు చేస్తున్నారు. కానీ వారానికి రెండు మూడు సార్లు, ప్రతిసారీ నాలుగేసి గంటలు యంత్రం పక్కన పడుకునే మనిషికి ఫిస్టులా (డయాలిసిస్ కోసం చేతిలో ధమనిని సిరతో కలిపి చేసే దారి) ఎందుకు పాడవుతోంది, కెథెటర్ (రక్తనాళంలో పెట్టే గొట్టం) చోట ఇన్‌ఫెక్షన్ ఎప్పుడు మొదలవుతోంది, కొందరు మధ్యలోనే రావడం ఎందుకు మానేస్తున్నారు అనే ప్రశ్నలు మాత్రం నర్సింగ్ ప్రశ్నలే. వాటిని పట్టుకునే మనిషి కావాలి. పీహెచ్‌డీ తప్పనిసరి చేయాలా, ఇంటర్వ్యూలో పరిశోధనా సామర్థ్యాన్ని ఎలా గుర్తుపట్టాలి, వారానికి ఎన్ని బోధన గంటలు పెట్టాలి అన్న విషయాల్లో మీ అనుభవం చెప్పగలరు.

పాత_ప్రిన్సిపాల్ (విశ్రాంత ఆచార్యులు, గుంటూరు)

నాగావళి గారూ, మంచి చర్చ మొదలుపెట్టారు. ముందుగా పీహెచ్‌డీ సంగతి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం మన కళాశాలల్లో పీహెచ్‌డీ వాంఛనీయమే తప్ప తప్పనిసరి కాదు. ఇతర శాఖల్లో కనీసం నెట్ అనే జాతీయ స్థాయి వడపోత ఒకటి ఉంటుంది. ఆ పరీక్ష విషయాల జాబితాలో నర్సింగ్ లేదు. కాబట్టి మన దగ్గర వడపోత మొత్తం ఎంపిక సంఘం చేతిలోనే ఉంటుంది, అది సరిగా పనిచేయకపోతే వెనుక ఇంకెవరూ లేరు.

పీహెచ్‌డీ తప్పనిసరి చేస్తే మీకు వచ్చే దరఖాస్తులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని అవుతాయి. దీనికి చరిత్ర ఉంది. మన దేశంలో బీఎస్సీ నర్సింగ్ 1946లో ఢిల్లీలోనూ వెల్లూరులోనూ మొదలైంది. మాస్టర్స్ చదువు 1959లో ఢిల్లీలో వచ్చింది. డాక్టరేటు చదివించే ఏర్పాట్లు ఆ తరువాత చాలా ఆలస్యంగా కుదిరాయి. నర్సింగ్ కౌన్సిల్ బెంగళూరులోని రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయంతో కలిసి నర్సింగ్ పీహెచ్‌డీ కోసం జాతీయ కన్సార్షియం, అంటే సంస్థల కూటమి, పెట్టాకే వేరే వేరే రాష్ట్రాల వాళ్లకు దారి దొరికింది. ఇలాంటి శాఖలో డాక్టరేటు లేనంత మాత్రాన పరిశోధన రాదనుకోవడం అన్యాయం, ఉన్నంత మాత్రాన వచ్చుననుకోవడం అమాయకత్వం.

అమాయకత్వం అని ఎందుకన్నానో ఈ వేదికలో ఉన్న వారందరికీ తెలుసు. మన ఎమ్మెస్సీ థీసిస్‌ల అట్టలు వరసగా పేర్చి చూడండి. ఫలానా విషయంపై స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్ ప్రభావం, ఎంపిక చేసిన ఆసుపత్రిలో, ఎంపిక చేసిన రోగులలో. పాఠం చెప్పకముందు ప్రశ్నపత్రం ఇస్తారు, చెప్పిన వారానికి అదే ప్రశ్నపత్రం ఇస్తారు, మార్కులు పెరిగాయని నిర్ధారిస్తారు. పాఠం చెబితే మార్కులు పెరగవా! పెరిగిన ఆ మార్కుల వల్ల రోగి పుండు మానిందా, తల్లి బిడ్డకు పాలు పట్టిందా, మందు వేళకు వేసుకున్నారా అన్నది ఎవరూ చూడరు. మీ అభ్యర్థిని మొదట అడగవలసింది ఇదే: మీ థీసిస్ తరువాత ఆ వార్డులో ఏ పని తీరు మారింది? మారలేదంటే ఎందుకు మారలేదో చెప్పగలిగినవారు కూడా నా దృష్టిలో మంచి అభ్యర్థులే.

లెక్కల_మాస్టారు (బయోస్టాటిస్టిక్స్ అధ్యాపకుడు)

పాత ప్రిన్సిపాల్ గారు అట్టల గురించి చెప్పారు, నేను లోపలి పేజీల గురించి చెబుతాను. నా దగ్గరకు విశ్లేషణ కోసం వచ్చే నర్సింగ్ థీసిస్‌లలో నమూనా సంఖ్య దాదాపు ఎప్పుడూ 60. ప్రయోగ బృందంలో 30, పోలిక బృందంలో 30. ఎందుకు 60 అని అడిగితే మా గైడ్ మేడమ్ చెప్పారనే జవాబు వస్తుంది. కాబట్టి ఇంటర్వ్యూలో నా తరఫున ఒక్క ప్రశ్న వేయండి: మీ అధ్యయనంలో ఇంతమందినే ఎందుకు తీసుకున్నారు? ఎంత తేడాను గుర్తించాలనుకున్నారో, ఆ తేడా రోగికి ఎందుకు ముఖ్యమో, మధ్యలో ఎంతమంది మానేస్తారని అంచనా వేశారో అభ్యర్థి చెప్పగలిగితే, సూత్రం నోటికి రాకపోయినా పర్వాలేదు. సూత్రం పుస్తకంలో దొరుకుతుంది, ఆలోచన దొరకదు.

ఇంకొక పద్ధతి కూడా చెబుతాను. ఇంటర్వ్యూకు గంట ముందు అభ్యర్థులందరికీ ఒకే పట్టిక ఇవ్వండి. మీ డయాలిసిస్ విభాగపు రికార్డులోంచే పేర్లూ గుర్తులూ తీసేసి ఒక పేజీ తయారు చేయవచ్చు. తేదీలు, బరువు, రక్తపోటు, కెథెటరా ఫిస్టులానా అన్న వివరం, రాని రోజులు, కొన్ని ఖాళీ గడులు. దీన్ని చూస్తే మీకు ఏ ప్రశ్న పుడుతోంది, ఈ పట్టికతో ఏది తేల్చలేము అని రెండే రెండు అడగండి. ఖాళీ గడులను గమనించి, రాని రోజున రోగి బరువు తెలియదు కదా, ఎక్కువ ఇబ్బంది పడ్డవారే మన లెక్కలోంచి జారిపోతున్నారేమో అన్నవారికి నేనైతే మరుమాట లేకుండా మార్కులు వేస్తాను. పీ విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇలాంటి ఫలితం వచ్చే అవకాశాన్ని చెప్పే అంకె) 0.05 కంటే తక్కువ వస్తే చాలు అనుకునేవారిని అక్కడే గుర్తుపట్టవచ్చు.

అర్ధకాలిక_స్కాలర్ (ట్యూటర్, పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ)

పెద్దలందరూ అభ్యర్థిని ఎలా పరీక్షించాలో చెబుతున్నారు. అభ్యర్థి వైపు నుంచి కళాశాలను ఎలా పరీక్షిస్తామో నేను చెబుతాను, ఎందుకంటే ఇలాంటి ప్రకటన పడితే దరఖాస్తు పెట్టేది నా వంటి వాళ్లమే.

ప్రకటనలో పరిశోధన అన్న మాట చూసి సంతోషిస్తాము, కానీ నమ్మము. చేరిన తరువాత రోజు ఎలా గడుస్తుందో మాకు తెలుసు. పొద్దున ఎనిమిదికి విద్యార్థులతో వార్డులో ఉండాలి. ఒంటి గంట వరకు అక్కడే నిలబడాలి. మధ్యాహ్నం తరగతులు. ఆ తరువాత ప్రొసీజర్ బుక్కులు, కేర్ ప్లాన్లు, కేస్ స్టడీలు దిద్దాలి. ఇవి కాక హాస్టల్ బాధ్యత, దీప ప్రజ్వలన కార్యక్రమం, ఇన్‌స్పెక్షన్ ఫైళ్లు. 2021లో గెజిట్‌లో వచ్చిన కొత్త బీఎస్సీ సిలబస్‌తో సెమిస్టర్ పద్ధతి మొదలయ్యాక పరీక్షలు, ఇంటర్నల్ మార్కుల పని మరీ పెరిగింది. ఇందులో పరిశోధనకు మిగిలేది రాత్రి, లేదా ఆదివారం. ఇంట్లో చిన్నపిల్లలున్న వారికి అదీ మిగలదు. నర్సింగ్ అధ్యాపకుల్లో అత్యధికులు స్త్రీలే కనుక దీన్ని వ్యక్తిగత సమస్య అని పక్కన పెట్టేయడానికి వీల్లేదు. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనలు పార్ట్‌టైమ్‌గా చేయడానికి అనుమతిస్తున్నాయి, స్త్రీలకు గడువులో రెండేళ్ల సడలింపు, 240 రోజుల వరకు ప్రసూతి సెలవు ఇస్తున్నాయి. చదువుకునేవారికి దొరికే ఆ వెసులుబాటు చదువు ముగించి అధ్యాపకురాలైన వ్యక్తికి టైమ్‌టేబుల్‌లో ఎందుకు దొరకకూడదు?

నాగావళి మేడమ్, మీ ప్రకటనలో వారానికి ఎన్ని గంటలు బోధన, ఎన్ని గంటలు వార్డు, ఎన్ని గంటలు పరిశోధన అన్నది అంకెలతో రాయండి. అదే రాతను నియామక పత్రంలో కూడా పెట్టండి. ఇంకొక మాట కూడా ఇక్కడ చెప్పక తప్పదు. కొన్ని ప్రైవేటు కళాశాలల్లో చేరిన రోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టుకుంటారు, మానేస్తామంటే ఇవ్వరు. నేను ముందు పనిచేసిన చోట నాకు ఇది స్వయంగా జరిగింది. సర్టిఫికెట్లు పరిశీలించి వెంటనే తిరిగి ఇస్తామని ప్రకటనలోనే ఒక వాక్యం వేయండి. ఆ ఒక్క వాక్యానికి మీకు వచ్చే దరఖాస్తుల తీరు మారుతుంది.

కార్యాలయం_వైపు (పాలనాధికారి, ఒక విశ్వవిద్యాలయం)

స్కాలర్ గారి ఆవేదన అర్థమైంది కానీ గోడకు ఇటువైపు నుంచి కూడా కొంచెం చూడండి. నర్సింగ్ కళాశాలలో ప్రతి పది మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలి. పరిశోధన పేరిట ఒకరి గంటలు తగ్గిస్తే ఆ గంటలు గాలిలో కలిసిపోవు, పక్క ట్యూటర్ నెత్తిన పడతాయి. అప్పుడు మీరే మరో చర్చ మొదలుపెడతారు. మొత్తం సంఖ్య సరిపోతుందని లెక్క చూపించి, అదే మనిషిని పరిశోధకుడని కూడా చెప్పుకోవడం చాలా చోట్ల జరుగుతోంది. దానికి నిజాయితీగల మార్గం ఒక్కటే. ఈ పోస్టును కనీస నిష్పత్తి లెక్కలో కలపకుండా, దానికి అదనంగా చూపించాలి. తీర్మానంలో ఆ మాట ఉందో లేదో ముందు చూడండి. లేకపోతే ప్రకటన ఎంత అందంగా రాసినా మొదటి ఇన్‌స్పెక్షన్‌కే ఆ మనిషి మళ్లీ మామూలు రొటేషన్‌లోకి వచ్చేస్తారు.

జీతం గురించి కూడా. యూజీసీ లెక్క ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు లెవెల్ 10, మొదటి మూల వేతనం 57,700 రూపాయలు. మీ సంస్థ అది ఇస్తుందా, కన్సాలిడేటెడ్, అంటే అన్నీ కలిపి ఒకే మొత్తం, అంటుందా అన్నది ప్రకటనలో స్పష్టంగా ఉండాలి. అర్హతను బట్టి అని రాస్తే, తక్కువ అని చదువుకుంటారు. రోస్టర్ పాయింటు (రిజర్వేషన్ వరసలో ఈ పోస్టు స్థానం), వయోపరిమితి వంటివి మీ రిజిస్ట్రార్ కార్యాలయం చూసుకుంటుంది, వాటి జోలికి మీరు వెళ్లనక్కర్లేదు.

పిట్స్‌బర్గ్_తెలుగు (నర్సింగ్ అధ్యాపకురాలు, అమెరికా)

ఇక్కడి పద్ధతిని అలాగే దింపమని చెప్పను, కానీ రెండు సంగతులు ఉపయోగపడవచ్చు. అమెరికాలో టెన్యూర్ ట్రాక్ పోస్టుకు, అంటే శాశ్వత ఉద్యోగానికి దారితీసే పోస్టుకు, నియమించేటప్పుడు పని సమయంలో ఎంత శాతం పరిశోధనకు, ఎంత బోధనకు, ఎంత సేవకు అన్నది నియామక లేఖలోనే రాస్తారు. మొదటి రెండు మూడేళ్లు పరిశోధన నిలదొక్కుకోవడానికి కొంత నిధి, ఒక సహాయకుడు, తక్కువ తరగతులు ఇస్తారు. సుమారు ఆరేళ్ల తరువాత ఆ పనిని బయటి విశ్వవిద్యాలయాల ఆచార్యులు చదివి అభిప్రాయం రాస్తారు. ఇస్తామన్నది ఇచ్చాకే లెక్క అడుగుతారు.

రెండవది, ఇక్కడ రెండు రకాల డాక్టరేట్లు ఉన్నాయి. పరిశోధనకు పీహెచ్‌డీ, ఉన్నత స్థాయి రోగి సేవకు డీఎన్‌పీ (డాక్టర్ ఆఫ్ నర్సింగ్ ప్రాక్టీస్). పరిశోధన పోస్టులకు పీహెచ్‌డీ వారిని, క్లినికల్ బోధనకు డీఎన్‌పీ వారిని తీసుకోవడం మామూలు. అయినా కొరత తీరలేదు. ఇక్కడి నర్సింగ్ కళాశాలల సంఘం సర్వేలో 2023లో అధ్యాపక ఖాళీలు 7.8 శాతంగా తేలాయి. ఆసుపత్రి జీతాలు కళాశాల జీతాల కంటే ఎక్కువగా ఉండటం దానికి ఒక పెద్ద కారణం.

ఇలాంటి ఒక పోస్టు ఏమి చేయగలదో చెప్పమంటే పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో నర్సింగ్ ఆచార్యురాలు లిండా ఐకెన్ పని చూడండి. ఒక్కొక్క నర్సు చూసే రోగుల సంఖ్య ఒకటి పెరిగిన కొద్దీ, శస్త్రచికిత్స అయిన రోగి 30 రోజుల్లో చనిపోయే అవకాశం 7 శాతం మేర పెరుగుతోందని ఆమె బృందం 2002లో చూపించింది. నర్సులు తక్కువగా ఉన్నారని మన వార్డుల్లో అందరం అనుకుంటూనే ఉంటాము. ఆమె దాన్ని కొలిచింది. కొలవడానికి ఆమెకు రాష్ట్రం మొత్తం ఆసుపత్రుల రికార్డులు అందాయి, వాటిని అర్థం చేసుకునే సహచరులు దొరికారు, అన్నిటికీ మించి ఏళ్ల తరబడి సమయం దొరికింది. 1986లో జాతీయ ఆరోగ్య సంస్థల్లో నర్సింగ్ పరిశోధనకు ఒక ప్రత్యేక కేంద్రం ఏర్పడి, 1993లో పూర్తి స్థాయి సంస్థ కావడం కూడా ఇక్కడ పరిశోధనకు ఊతమిచ్చింది.

మిడ్‌లాండ్స్_నర్సు (ఇంగ్లండ్)

ఇంగ్లండ్ విశ్వవిద్యాలయాల్లో ఒప్పందాలే వేరువేరుగా ఉంటాయి. బోధన, పరిశోధన రెండూ ఉన్న ఒప్పందం ఒకటి, ప్రధానంగా బోధన ఉన్న ఒప్పందం మరొకటి. 2021లో జరిగిన జాతీయ పరిశోధన మదింపులో దంత వైద్యం, ఫార్మసీ, అనుబంధ వైద్య వృత్తులతో కలిపి నర్సింగ్‌ను మూడవ విభాగంలో పెట్టి అంచనా వేశారు. మొదటి రకం ఒప్పందంలో గణనీయమైన పరిశోధన బాధ్యత ఉన్నవారి పనే ఆ మదింపుకు వెళ్లింది కనుక విశ్వవిద్యాలయాలు వారికి సమయం ఇవ్వక తప్పలేదు.

దీనిలో ఒక చేటు కూడా చూశాను. బోధన ఒప్పందంలో ఉన్నవారు రెండవ తరగతి మనుషులమని భావించడం, పరిశోధన ఒప్పందంలో ఉన్నవారు మొదటి సంవత్సరం పిల్లల తరగతికే రాకపోవడం. మీరు నియమించబోయే వ్యక్తి కనీసం ఒక బీఎస్సీ తరగతిని, అదీ మొదటి రెండేళ్లలోనిది, తప్పక చెప్పాలని నియమం పెట్టండి. లేకపోతే మిగతా అధ్యాపకులు ఆ మనిషిని తమవాడిగా చూడరు.

వార్డు_ఇన్‌చార్జి (నర్సింగ్ సూపరింటెండెంట్, హైదరాబాద్)

ఇంతమంది మాట్లాడారు కానీ వార్డు తలుపు ఎవరు తెరుస్తారో ఎవరూ అడగలేదు. మా ఆసుపత్రికి కళాశాల నుంచి పరిశోధన కోసం వచ్చే మేడమ్‌లను మా నర్సులు అతిథులుగా చూస్తారు, ఇంకా నిజం చెప్పాలంటే అడ్డంగా చూస్తారు. డ్యూటీ మధ్యలో వచ్చి ఫారాలు నింపమంటారు, కేస్ షీట్లు తీసుకువెళ్లి వేరే బల్ల మీద వదిలేస్తారు, పని ముగిశాక ఏమి తేలిందో చెప్పడానికి మళ్లీ రారు. ఇలాంటి చోట ఎంత గొప్ప పీహెచ్‌డీ వచ్చినా డేటా పుట్టదు, పుట్టినా అది నమ్మదగ్గది కాదు.

వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో ఈ సమస్యను మొదట్లోనే తప్పించుకున్నారు. అక్కడ నర్సింగ్ విద్యనూ నర్సింగ్ సేవనూ విడదీయలేదు. పాఠం చెప్పే వ్యక్తికి వార్డు నిర్వహణలో కూడా బాధ్యత ఉంటుంది. ఆ వార్డులో జరిగే లోపం ఆమె లోపం కూడా అవుతుంది. అందువల్ల ఆమె అడిగే ప్రశ్న బయటి ప్రశ్న కాదు. నాగావళి గారి కళాశాలకు సొంత ఆసుపత్రి ఉంది కనుక ఈ పోస్టును ఉమ్మడి నియామకంగా చేయడం సాధ్యమే. వారంలో కొన్ని పూటలు డయాలిసిస్ విభాగంలో బాధ్యత, అక్కడి నర్సింగ్ అధికారి ముందు జవాబుదారీతనం. అలా చేస్తే స్కాలర్ గారు చెప్పిన వార్డు గంటలు వృథా గంటలు కావు, అవే పరిశోధన గంటలు అవుతాయి.

ఎంపిక సంఘంలో డయాలిసిస్ విభాగం ఇన్‌చార్జిని కూర్చోబెట్టండి. ఓటు హక్కుతో కూర్చోబెట్టండి, కుర్చీ నింపడానికి కాదు. డెమో పాఠాన్ని తరగతి గదిలో కాకుండా రోగి మంచం పక్కన పెట్టండి. ఫిస్టులా చేతిని తాకి ఆ ప్రకంపన ఎలా తెలుస్తుందో, ఆ చేతికి రక్తపోటు పట్టీ ఎందుకు కట్టకూడదో ముగ్గురు విద్యార్థులకు చెబుతూ, మధ్యలో రోగితో కూడా మాట్లాడగలరా లేదా అన్నది పది నిమిషాల్లో తెలిసిపోతుంది. బోర్డు మీద అందంగా రాసేవారు చాలామంది ఉంటారు. రోగిని ఏమండీ నొప్పిగా ఉందా అని అడిగి ఆ తరువాత పాఠం మొదలుపెట్టేవారు తక్కువ.

సాయంత్రం_షిఫ్టు (స్టాఫ్ నర్సు, ఎమ్మెస్సీ)

నాకొక సందేహం. ప్రచురణలకు మార్కులు ఎలా వేస్తారు? యూజీసీ కేర్ జాబితాను, అంటే గుర్తింపు ఉన్న పరిశోధన పత్రికల జాబితాను, 2025లో ఎత్తేశారు కదా. డబ్బు కట్టి వారంలో పేపరు వేయించుకున్నవారికీ, ఏడాది తిరిగి ఒక్కటి వేయించుకున్నవారికీ తేడా ఎలా చూస్తారు?

పాత_ప్రిన్సిపాల్

సరైన ప్రశ్న అడిగావమ్మా. జాబితా ఉన్నప్పుడు కూడా అది ఊతకర్రే, చూపు కాదు. నేను సంఘాల్లో కూర్చున్నప్పుడు పాటించిన పద్ధతి చెబుతాను. దరఖాస్తుతో పాటు మొత్తం ప్రచురణలు పంపమనకూడదు. తమకు ముఖ్యమనిపించిన రెండు పేపర్లు మాత్రమే పంపి, ఒక్కొక్కదానిలో తాము స్వయంగా చేసిన పని ఏమిటో అర పేజీలో రాయమనాలి. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ రచయిత అనిపించుకోవడానికి నాలుగు షరతులు పెట్టింది: ఆలోచనలోనో డేటాలోనో విశ్లేషణలోనో గణనీయమైన పాలు ఉండాలి, రాయడంలోనో సవరించడంలోనో భాగం ఉండాలి, తుది ప్రతిని ఆమోదించి ఉండాలి, పనికంతటికీ జవాబుదారీ వహించాలి. ఈ నాలుగింటినీ అభ్యర్థి ముందు పెట్టి ఒక్కొక్కటే అడిగితే, కొన్న పేపరు అక్కడే బయటపడుతుంది. సంఘ సభ్యులు ఆ రెండు పేపర్లను ముందుగా చదివి రావాలన్నది కూడా నియమమే. చదవకుండా సంఖ్య లెక్కపెట్టే సంఘానికి సంఖ్య పెంచుకున్న అభ్యర్థే దొరుకుతాడు, అందులో ఆశ్చర్యం లేదు.

ప్రయోగాత్మక అధ్యయనం చేశామన్నవారిని, క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేశారా, మొదటి వ్యక్తిని చేర్చుకునే ముందే చేశారా అని కూడా అడగండి. ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం చూపించమనడంలో మొహమాటం వద్దు.

కరీంనగర్_మిడ్‌వైఫ్ (మిడ్‌వైఫరీ శిక్షకురాలు)

నాగావళి గారి పోస్టు మెడికల్ సర్జికల్‌ది కాబట్టి దానిని మార్చమనడం నా ఉద్దేశం కాదు. కానీ ఈ చర్చ చదివే ఇతర కళాశాలల వారికి ఒక మాట. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో సిజేరియన్ కాన్పులు 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. 2017 నుంచి మా రాష్ట్రంలో నర్సులకు వృత్తిపరమైన మిడ్‌వైఫరీ శిక్షణ ఇస్తున్నారు. శిక్షణ పొందినవారు పనిచేసే కాన్పు గదుల్లో ఏమి మారింది, ఏమి మారలేదు అని నిలకడగా చూసే అధ్యాపకులు ప్రసూతి నర్సింగ్ విభాగాల్లో ఎంతమంది ఉన్నారు? ముందు స్థానికంగా ఏ ప్రశ్న మండుతోందో చూసుకుని, ఆ తరువాత పోస్టు ఏ విభాగంలో పెట్టాలో నిర్ణయించుకోవాలి. మనం సాధారణంగా ఖాళీ ఎక్కడుంటే పోస్టు అక్కడ పెడతాము.

అర్ధకాలిక_స్కాలర్

మిడ్‌వైఫ్ అక్క చెప్పిన దానికి తోడు ఒక ఆలోచన. వైద్య కళాశాలల పక్కనే 157 ప్రభుత్వ నర్సింగ్ కళాశాలలు పెట్టడానికి 2023లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఒక్కొక్క దానికి 10 కోట్ల రూపాయల కేంద్ర సాయం. భవనాలు లేస్తాయి, సరే. వాటిలో పాఠాలు చెప్పేవారిని తయారు చేసేది ఎవరు? నాగావళి గారి పోస్టులోకి వచ్చే వ్యక్తికి పీహెచ్‌డీ, మూడు పీర్ రివ్యూ (తోటి నిపుణులు పరిశీలించిన) ప్రచురణలు ఉంటే యూజీసీ నిబంధనల ప్రకారం నలుగురు స్కాలర్లకు గైడ్‌గా ఉండవచ్చు. అందువల్ల పీహెచ్‌డీ విషయంలో పాత ప్రిన్సిపాల్ గారితో నేను పూర్తిగా ఏకీభవించలేకపోతున్నాను. చేరే నాటికి లేకపోయినా, ఎప్పటిలోగా రావాలో ఒక గడువు ఉండాలి.

నాగావళి

అందరికీ ధన్యవాదాలు. వారం రోజులుగా మీ మాటలు పట్టుకుని ముసాయిదాను తిరగరాశాను, నిన్న మా డీన్, రిజిస్ట్రార్ ముందు పెట్టాను. ఏది నిలిచిందో, ఏది నిలవలేదో చెప్పడం నా బాధ్యత.

పీహెచ్‌డీ ఉండాలి, లేదా థీసిస్ సమర్పించి ఉండాలి, లేదా పీహెచ్‌డీకి నమోదై డేటా సేకరణ ముగించి ఉండాలి అని మూడు మెట్లుగా రాశాము. మూడవ మెట్టువారికి ప్రొబేషన్ ముగిసే నాటికి డిగ్రీ చేతికి రావాలి. స్కాలర్ గారి గడువు, ప్రిన్సిపాల్ గారి ఉదారత రెండూ ఇందులో ఉన్నాయనుకుంటున్నాను. రెండు పేపర్లు, అర పేజీ వివరణ పెట్టాము. డయాలిసిస్ పట్టిక పరీక్ష కూడా పెట్టాము, దానిని తయారు చేయడానికి మా ఎథిక్స్ కమిటీ కార్యదర్శి ముందుగా అనుమతి తీసుకోమన్నారు, అది న్యాయమే. మంచం పక్కన డెమోకు ఒప్పుకున్నారు, రోగి సమ్మతి ముందే తీసుకోవాలన్న షరతుతో. డయాలిసిస్ ఇన్‌చార్జి సిస్టర్‌కు సంఘంలో స్థానం ఇచ్చారు. ఓటు విషయంలో మాత్రం నియమావళి అడ్డం వచ్చింది, ఆమె మార్కులు వేస్తారు కానీ సంతకం ఉండదు.

గంటల దగ్గర పెద్ద వాదనే జరిగింది. వారంలో రెండు పూర్తి రోజులు పరిశోధనకు అడిగాను. ఒకటిన్నర రోజు ఇచ్చారు. దానికి బదులు వార్డు పూటలన్నీ డయాలిసిస్ విభాగంలోనే ఉండేలా ఒప్పించాను, కనుక సూపరింటెండెంట్ గారు అన్నట్టు ఆ సమయం కూడా పనికి వస్తుంది. మొదటి రెండేళ్లు హాస్టల్, పరీక్షల నిర్వహణ బాధ్యతలు ఉండవు. ఒక బీఎస్సీ తరగతి తప్పనిసరి. ఈ వివరాలన్నీ నియామక పత్రంలో ఉంటాయి. మూల వేతనం అంకెతో సహా ప్రకటనలో వేస్తున్నాము. సర్టిఫికెట్ల వాక్యానికి రిజిస్ట్రార్ గారు కొంచెం నొచ్చుకున్నారు, మన దగ్గర ఎప్పుడూ అలా చేయలేదు కదా అన్నారు. చేయనప్పుడు రాయడానికి అభ్యంతరమేమిటని అడిగాను, ఆ వాక్యం నిలిచింది.

నిలవనిది ఒక్కటే. ఈ పోస్టును కనీస నిష్పత్తికి అదనంగా చూపించడానికి ఆర్థిక విభాగం ఒప్పుకోలేదు. వచ్చే పాలక మండలి సమావేశంలో మళ్లీ పెడతామన్నారు.

కార్యాలయం_వైపు

నాగావళి గారూ, ఆ చివరి అంశం తేలకుండా ప్రకటన వేయవద్దు. మీరు సాధించిన ఒకటిన్నర రోజు మొత్తం దాని మీదే ఆధారపడి ఉంది. పాలక మండలికి పెట్టే నోట్‌లో, ఈ వ్యక్తిని నిష్పత్తిలో కలిపితే ఏ ఏ ట్యూటర్ మీద ఎన్ని గంటలు పడతాయో ఒక పట్టిక జతచేయండి. ఆర్థిక విభాగం వారు మాట కంటే పట్టిక త్వరగా వింటారు. కావాలంటే మేము వాడిన నమూనా మీకు ప్రైవేటు సందేశంలో పంపుతాను.

లెక్కల_మాస్టారు

ఆ పట్టికలో ఖాళీ గడులు లేకుండా చూసుకోండి. డయాలిసిస్ పట్టికకు ఎథిక్స్ అనుమతి వచ్చాక నాకు పంపితే, ఏ వివరాలు ఉంచితే రోగిని గుర్తుపట్టే ప్రమాదం ఉందో చూసి చెబుతాను. మండలం పేరు, వయసు, డయాలిసిస్ మొదలైన తేదీ మూడూ కలిపి ఉంచితే చిన్న ఊళ్లలో మనిషి దొరికిపోతాడు, వాటిలో కనీసం ఒకటి తీసేయాలి.

నాగావళి

మండలం పేరు తీసేస్తాను. నమూనా పంపండి సార్, నోట్ సోమవారం లోపు పెట్టాలి.